ప్రయోజకకర్త: బ్రౌనుదొర కడప పరిశ్రమమునకు గల సాక్ష్యములు

విద్వాంసునకు లోకము చేయు సత్కారము రెండు విధముల నిలుచును. లోహమున నిలుచునది యొకటి, పత్రమున నిలుచునది మరియొకటి. గండపెండేరము, కంకణము, పతకము మొదలగునవి మొదటి విధమునకు చెందినవి. పరీక్షాధికారుల తీర్మానములు, జీతముల లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు, తాటాకు ప్రతుల చివరనుండు లేఖకుల గద్యములు రెండవ విధమునకు చెందినవి. లోహము విలువగలదైనను మిక్కిలి చిన్నది. దానిపై నొక పేరు, ఒక సంవత్సరము, ఇచ్చినవారి ముద్ర మాత్రమే పట్టును. పత్రము చెదలకు లోనగునదైనను విశాలమైనది. ఎవరు చేసిరి, ఎవరిచేత చేయించిరి, ఎంత వ్యయమైనది, ఎన్నాళ్లు పట్టినది అను విషయములన్నియు దానియం దిముడును.

ఈ భేదమును గుర్తింపక లోహమును మాత్రమే ప్రమాణముగా గైకొన్నచో, ఒక భాషాసేవ చరిత్రయంతయు నొక్క పురుషుని చరిత్రగా కుదించుకొనిపోవును. ఆంధ్రదేశమున దీనికి మిక్కిలి తగిన యుదాహరణము చార్లెసు ఫిలిప్పు బ్రౌనుదొర కడపయందు చేసిన పరిశ్రమము. దాని సాక్ష్యము లెట్టివో, వానిని చదువవలసిన తీరెట్టిదో వివరించుట యీ వ్యాసమున కుద్దేశము.

ప్రాచ్యభాషలయందు పాండిత్యము గలవారికి పతకము లొసగు నాచారము ఇంగ్లీషు కంపెనీవారి కాలమున కళాశాలలతోడనే ప్రారంభమైనది. 1800 సంవత్సరమున కలకత్తాలో ఫోర్టువిలియము కళాశాల యేర్పడెను. బ్రౌనుదొర తండ్రియైన డేవిడు బ్రౌను ఆ కళాశాలకు ప్రధానాధికారిగా నుండెను. దేశభాషలను నేర్చి పరీక్షలయందు మిన్నయైన యుద్యోగార్థులకు అచ్చట పతకములును బహుమానములును లభించుచుండెను. ఇంగ్లండునందు 1806లో నెలకొన్న హెయిలీబరీ కళాశాలయందును అదే పద్ధతి యుండెను. అచ్చటి బహుమానముల పట్టికలు ఏషియాటిక్ జర్నల్ అను పత్రికలో ప్రకటితము లగుచుండెను. చెన్నపురియందు 1812లో ఎల్లిసుదొర పూనికచే సెయింటుజార్జికోట కళాశాల వెలసినది. ఇచ్చట పరీక్షాధికారుల సభ యొకటి యుండెను. ఏ యుద్యోగార్థికి ఏ భాషయం దెంత ప్రవేశము గలదో ఆ సభవారు నిర్ణయించి దొరతనమువారికి వ్రాయుచుండిరి.

ఈ పతకములును బహుమానములును విద్యార్థిదశకు చెందినవని గ్రహింపవలెను. జీవితమంతయు భాషాసేవయందు గడపిన పండితులకు ప్రత్యేకముగా నొసగు పతకములు తరువాతి కాలమునవి. లండనునందలి రాయల్ ఏషియాటిక్ సొసైటీ 1823లో స్థాపితమైనను, దాని స్వర్ణపతకము విక్టోరియా రాణి వజ్రోత్సవ సంవత్సరమైన 1897లో మాత్రమే యేర్పడినది. ఆ పతకమును మొదట పొందినవాడు సంస్కృత పండితుడైన కవెలుదొర. ద్రావిడభాషలయందు పాటుపడినవారిలో, అరవమున ప్రఖ్యాతుడైన పోపుదొర 1906లో దానిని పొందెను. హిందూదేశ భాషలను పరిశీలించి గ్రంథస్థము చేసిన గ్రియర్సనుదొర 1909లో పొందెను. కైసరెహిందు పతకము 1900 సంవత్సరమున ఏర్పడినది. బ్రౌనుదొర 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జనించి 1884 డిసెంబరు 12వ తేదీన లండనునందు గతించెను. కాబట్టి యీ రెండు పతకములును ఆయన మరణానంతరము పుట్టినవే. ఇవి ఆయన పేర కానరాకుండుట పాండిత్యలోపమునకు గుర్తు కాదు, కాలభేదమునకు గుర్తు.

పతకము లభించినచోటను అది చెప్పునది కొంచెమే. గిడుగు వేంకట రామమూర్తి పంతులవారి యుదాహరణమును చూడుడు. వారు పర్లాకిమిడియందుండి సవరల భాషను నేర్చిరి. ఆ భాష తెలిసిన యొకరిని ఇంట నిలుపుకొని మాటమాటను వ్రాసికొనిరి, సవర బాలురకై బడులు పెట్టిరి. 1931లో సవరభాషా వ్యాకరణ గ్రంథమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వారివి చెన్నపురి దొరతనమువారు ముద్రించిరి. 1913లో రావుసాహెబు బిరుదమును, ఆ తరువాత రెండు దశాబ్దములకు కైసరెహిందు పతకమును వారు పొందిరి. ఆ పతకము ప్రజాసేవకై యేర్పడినది, భాషాశాస్త్రమునకై కాదు. దానిని చేత పట్టుకొని చూచినవారికి సవరభాషయొక్క ధ్వనులుగాని, ఆ భాషను పంతులవారికి నేర్పిన సవరల నోళ్లుగాని కానరావు. అవి కానవచ్చుట వ్యాకరణమునందును నిఘంటువునందును మాత్రమే. పతకము ఫలమును చాటునేగాని క్రియను చెప్పదు.

ఇక ప్రకృతమునకు వత్తము. బ్రౌనుదొర హెయిలీబరీయందు చదివి 1817 ఆగస్టు 4వ తేదీన చెన్నపురి చేరెను. అచ్చటి కళాశాలయందు వెలగపూడి కోదండరామ పంతులవద్ద తెలుగు నేర్చి 1820లో పరీక్షయందు కృతార్థుడయ్యెను. ఆ యేడే చెన్నపురి గవర్నరుగా వచ్చిన సర్ తామసు మన్రో, అంతకు పూర్వము 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి ఈ సీమ రైతుల మాటలను చెవులార విన్నవాడు. దేశభాష తెలియక దేశమును పాలింపరాదని యువోద్యోగులకు ఆయన ఉపదేశించెను. ఆ మాటలు బ్రౌనుదొర మనస్సున నాటుకొన్నవి. 1820 ఆగస్టులో ఆయన కడప కలెక్టరునకు సహాయుడుగా వచ్చెను.

అప్పటికి ఆయనకు తెలిసినది కచేరి తెలుగు, అనగా అర్జీల తెలుగు, జమాబందీ తెలుగు. 1822లో బందరునకు మార్పబడిన పిదప, డుబాయి అను ఫ్రెంచి మతాచార్యుని గ్రంథమున వేమనను గూర్చిన ప్రస్తావమును చూచి ఆ పద్యములను వెదకింప మొదలిడెను. బందరుననే వఠ్యము అద్వైతబ్రహ్మయ్య, తిప్పాభట్ల వేంకటశివశాస్త్రి అను పండితులవద్ద ఛందస్సును, కావ్యములను పఠించెను. 1826లో మరల కడపకు వచ్చి యిచ్చట నొక బంగళాను, దాని చుట్టునున్న తోటను కొనెను. ఆ బంగళాయే తరువాత పండితుల కూటమియై, బ్రౌను కాలేజీ యని జనులచే పిలువబడినది.

ఆ కాలేజీయందు పని సాగిన తీరు పరిశోధకులు తెలిసికొనదగినది. మొదట నొక కావ్యమునకు లభించిన తాటాకు ప్రతులన్నియు సేకరింపబడుచుండెను. కొన్ని కొనబడినవి, కొన్ని యెరవుగా తెచ్చి తిరిగి యిచ్చివేయబడినవి. లేఖకులు వానిని కాగితములపై ప్రతిచేయుచుండిరి. ప్రతులను సరిపోల్చి పాఠాంతరములను పండితులు గుర్తించుచుండిరి. పిమ్మట సంస్కృతము తెలిసిన వారును, తెలుగు ఛందోవ్యాకరణములు తెలిసిన వారును కూడి పాఠమును నిర్ణయించి టీక వ్రాయుచుండిరి. కఠినపదములకు పట్టికలు సిద్ధము చేయబడుచుండెను. ఈ పదపట్టికలే 1852లో వెలువడిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువునకు మూలధనమైనవి. జీతములన్నియు బ్రౌనుదొర సొంత సొమ్మునుండియే సాగినవి. అందులకై ఆయన అప్పులపాలును అయ్యెను. ఈ కార్యమునకు పైవిచారణ చేసినవాడు అయోధ్యాపురము కృష్ణారెడ్డి. దొర ఇతర మండలములకు మార్పబడిన కాలమునను కడపలో పని నిలువకుండుటకు ఇట్టి వారే కారణము.

ఫలములను లెక్కించినచో ఇట్లున్నది. 1827లో ఛందోగ్రంథమును, 1829లో ఇంగ్లీషు అనువాదముతోడ 693 వేమన పద్యములును వెలువడినవి. 1839లో వేమన పద్యముల రెండవ కూర్పు 1164 పద్యములతో వెలువడినది. పది సంవత్సరములలో పెరిగిన ఈ సంఖ్య ఆ నడుమ చేరిన ప్రతుల సంఖ్యకు ప్రతిబింబము. 1840లో తెలుగు వ్యాకరణము, 1844లో వసుచరిత్రము, 1851లో మనుచరిత్రము, 1852లో పైన చెప్పిన నిఘంటువు వెలువడినవి. మనువసుచరిత్రములకు టీకలు వ్రాసినవారు జూలూరి అప్పయ్య పండితులు. అనంతపుర సంస్థాన చరిత్రమైన రాజుల యుద్ధములను గూర్చిన తెలుగు గ్రంథమును 1853లో ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించుట రాయలసీమ చరిత్రమునకు ఆయన చేసిన యుపకారము.

ఇందు ఒక వివాదమునకు తావు కలదు. బ్రౌనుదొర లేకున్నచో తెలుగు వాఙ్మయము నశించి యుండెడిదనియు, ఆయన యొక్కడే దానిని బ్రతికించెననియు చెప్పువారు కలరు. పని యంతయు పండితులు చేసిరనియు, దొర జీతములిచ్చి గ్రంథములపై తన పేరు వేసికొనెననియు చెప్పువారును కలరు. ఈ రెండు పక్షములును ఒక్క దోషముచేతనే పుట్టినవి. ఆ దోషము కర్తృత్వము నొక్కనియందే యుండునని తలచుట.

వ్యాకరణము ఈ విషయమున లోకముకంటె సూక్ష్మముగా విచారించినది. పాణిని స్వతంత్రుడైన వానిని కర్త యనెను. ఆ కర్తను పనియందు ప్రవర్తింపజేయు వానికి హేతువనియు, కర్తయనియు రెండు సంజ్ఞలను విధించెను. ప్రేరేపించువాడు ప్రయోజకకర్త, ప్రేరేపింపబడి పని చేయువాడు ప్రయోజ్యకర్త. ఒకని కర్తృత్వము రెండవవాని కర్తృత్వమును హరింపదు. తెలుగునందు ఈ యర్థము ఇంచుక్కు చేరుటవలన కలుగును. వండు అను ధాతువునకు వండించు, వ్రాయు అను ధాతువునకు వ్రాయించు ప్రేరణరూపములు. యజమాని వంటవానిచేత అన్నము వండించెను అనునపుడు యజమాని ప్రథమావిభక్తియం దుండును, వంటవాడు తృతీయావిభక్తియం దుండును. పొయ్యియొద్ద నిలిచినవాడు వంటవాడే, కాని బియ్యము తెచ్చి పెట్టినవాడు లేనిచో వంట లేదు.

బ్రౌనుదొర అప్పయ్యచేత మనుచరిత్రమునకు టీక వ్రాయించెను అనునది సంపూర్ణవాక్యము. ఇందు ఇరువురి పేర్లును కలవు. బ్రౌనుదొర మనుచరిత్రమును ప్రకటించెను అనునది సంకుచితవాక్యము. ఇదియు అసత్యము కాదు, కాని చేత అను ప్రత్యయముతో కూడిన పదము రాలిపోయినది. పతకములును, బిరుదములును, శిలావిగ్రహములును ఎల్లప్పుడును సంకుచితవాక్యమునే చెప్పును. రాలిపోయిన ఆ తృతీయాంతపదము నిలిచియుండు చోటు పత్రభాండాగారము.

ఆ పత్రములను విచారించినచో పై రెండు పక్షములును నిలువవు. ఒక్కడే బ్రతికించెనను పక్షమునకు బాధకములు పెక్కు కలవు. 1806 నాటికే బందరున మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక అను నిఘంటువును సమకూర్చెను. కేరీదొర తెలుగు వ్యాకరణము 1814లోను, కాంబెలుదొర వ్యాకరణము 1816లోను, ఆయన నిఘంటువు 1821లోను వెలువడినవి. ద్రావిడభాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావని ఎల్లిసుదొర 1816లోనే ఆ కాంబెలు వ్యాకరణమునకు కూర్చిన పీఠికయందు నిరూపించెను. చెన్నపురి కళాశాలయందు రావిపాటి గురుమూర్తిశాస్త్రివంటి పండితులు తెలుగు వచనమును తీర్చుచుండిరి. బ్రౌనుదొర శూన్యమున కట్టినవాడు కాడు, వేసియున్న పునాదిపై కట్టినవాడు.

జీతములు మాత్రమే యిచ్చెనను పక్షమునకును బాధకములు కలవు. వ్రాతప్రతుల యంచులయందు ఆయన స్వహస్తముతో వ్రాసిన టిప్పణులు కలవు. పండితులు పద్యమును సరిదిద్దుదుమని ప్రాచీన పాఠమును మార్చుట ఆయనకు సమ్మతము కాకుండెను. అనేక ప్రతుల సాక్ష్యమును ఆయన కోరెను. వేమన పద్యములను పండితులు కావ్యములుగా నెంచని దినములలో ఆయన వానినే మొదట చేపట్టెను. వాడుకలోనున్న మాటలకు, అన్యదేశ్యములకు నిఘంటువున తావిచ్చెను, కచేరి పదములకై జిల్లా నిఘంటువును వేరుగా కూర్చెను. ఈ నిర్ణయములు ఏ పండితుడును జీతమునకై చేసినవి కావు. ప్రయోజకుడు నిజముగా హేతువగుట యిట్లు.

ఇక ఈ సాక్ష్యము లెన్నివిధములో, వానిబలాబలము లెట్టివో విచారింపవలెను. ప్రతి పత్రమును చదువునపుడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఎవరు వ్రాసిరి? ఎవరికి వ్రాసిరి? జరిగిన పిమ్మట నెంతకాలమునకు వ్రాసిరి? పెంచి చెప్పుటకుగాని తగ్గించి చెప్పుటకుగాని వ్రాసినవానికి ప్రయోజనమేమి?

మొదటిది, పరీక్షల తీర్మానములు. ఇవి జరిగినదినమున వ్రాయబడినవి, కాన కాలనిర్ణయమునకు ప్రబలములు. కాని పరీక్షాధికారులు చూచినది ఉద్యోగయోగ్యత మాత్రమే. 1820 నాటి పరీక్షను బట్టి బ్రౌనుదొర తెలుగు కావ్యముల నెరుగునని యూహించుట పొరపాటు. ఆ యెరుక ఆ తరువాతి సంవత్సరములయందు కలిగినది.

రెండవది, బ్రౌనుదొర స్వయముగా వ్రాసికొన్న సాహిత్యజీవిత వృత్తాంతము. ఇందు వ్యయములు, పండితులు, గ్రంథములు పేర్కొనబడినవి. ఇది వెనుకకు తిరిగి చూచి వ్రాసినది గావున క్రమమునకు ప్రబలము, దినములకు దుర్బలము. తన కృషిని దొరతనమువా రాదరింపలేదను మనస్తాపము రచనయందు తోచుచుండును. అట్టి చోట్ల ఇతరపత్రములతో సరిచూడవలెను.

మూడవది, పండితులు దొరకు వ్రాసిన యుత్తరములు. జీతమునుగూర్చి, దారిఖర్చులనుగూర్చి, గ్రంథములు దొరకినవిషయమునుగూర్చి వీనియందు ప్రస్తావము లుండును. లేమిని కొంత పెంచి చెప్పుట అట్టి యుత్తరములకు సహజము. కాని పేర్లు, ఊళ్లు, గ్రంథనామములు మాత్రము నమ్మదగినవి. పెంచినందున ఎవరికిని లాభములేని చోట పత్రము సత్యమే చెప్పును.

నాలుగవది, వ్రాతప్రతుల చివరి గద్యములు. వ్రాసినవాని పేరు, ఊరు, సంవత్సరము, మాసము, తిథి ఇందుండును. ఇవి చిన్నవైనను ప్రబలములు. అయినను వీనియందు సంవత్సరము తరచుగా ప్రభవాది నామముచేతనే చెప్పబడును. అరువది సంవత్సరముల కొకసారి ఆ పేరు మరల వచ్చును. నందన యన్నంతమాత్రమున 1832 అని నిశ్చయింపరాదు, అది 1892లోను వచ్చినది, 1952లోను వచ్చినది. శకవర్షము కూడ నున్నచో సందేహము తీరును. శక 1754 నందన యన్నచో 1832 అగును. గ్రామపు లెక్కలయందు ఫసలీ యుండును. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1242 అన్నచో 1832-33 అని తెలియవలెను.

ఐదవది, ముద్రితగ్రంథముల ముఖపత్రములు. ఇవి సంకుచితవాక్యములని పైన చెప్పబడినది. అట్లయ్యును కొన్ని ముఖపత్రములు ఋజువర్తనమునకు మేలుబంతులు. బ్రౌను నిఘంటువు 1903లో సంస్కరింపబడి వెలువడినపుడు, సంస్కరించిన వేంకటరత్నముగారి పేరును, కాంబెలుదొర పేరును, కందుకూరి వీరేశలింగము పంతులవారి పేరును దానిపై నిలిచినవి.

పేర్లనన్నిటిని నిలుపు నీ ధర్మము పాశ్చాత్యులనుండి నేర్చుకొనవలసినది కాదు. ఈ సీమను పాలించిన విజయనగర చక్రవర్తుల తామ్రశాసనములను చూచినచో తెలియును. దానమిచ్చిన రాజు పేరు, పుచ్చుకొన్న విప్రుని పేరు, ఊరి యెల్లలు చెప్పబడిన పిదప, శ్లోకములను రచించిన కవి పేరును, రాగిరేకుపై చెక్కిన శిల్పి పేరును వ్రాయబడుచుండెను. కృష్ణదేవరాయల కాలమునను అచ్యుతరాయల కాలమునను సభాపతి రచించెననియు, వీరణాచార్యుడు చెక్కెననియు ఆ శాసనములే చెప్పుచున్నవి. చక్రవర్తి పేరున్న రేకుపైననే ఉలి పట్టినవాని పేరును కలదు. అందువలన చక్రవర్తి గౌరవమునకు లోపము కలుగలేదు. పెద్దనామాత్యునకు రాయలు గండపెండేరము తొడిగెనని చెప్పుదురు. ఆ పెండేరము నేడు కానరాదు. కమలాపుర ప్రాంతమున ఆయన యగ్రహారముగా ప్రసిద్ధమైన కోకటము మాత్రము నేటికిని కడప మండలమున కలదు. లోహము పోయినను ఊరును, మాటయు మిగిలినవి.

బ్రౌనుదొర పత్రములు ఎట్లు మిగిలినవో చెప్పవలసియున్నది. 1835 ప్రాంతమున సీమకు పోయినపుడు ఆయన లండనునందు కంపెనీవారి గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు పట్టించుకొనువారు లేక పడియుండుటను చూచెను. విల్సనుదొర తోడ్పాటుతో వానిని చెన్నపురికి పంపునట్లు చేసెను. మెకంజీదొర తన సహాయులైన కావలి సోదరులు మొదలగువారిచేత సేకరింపించిన స్థానికచరిత్రములను, అనగా కైఫీయత్తులను, శిథిలములు కాకమునుపే మరల ప్రతులు వ్రాయించెను. తన సొంత సంచయమును చెన్నపురికే విడిచెను. ఈ మూడు ధారలును కలిసి చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు మూలమైనవి. 1855లో ఉద్యోగమును చాలించుకొని సీమకు పోయి, 1865 మొదలు లండను యూనివర్సిటీ కాలేజీయందు తెలుగు ఆచార్యుడుగా నుండెను.

ఆ భాండాగారమున నున్న యుత్తరములను, వ్రాతప్రతులను వెదకి లోకమునకు తెలిపినవారిలో బంగోరె యను పేర ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు ముఖ్యులు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము పక్షమున సాగిన పరిశోధనమున బ్రౌను సాహిత్యజీవిత వృత్తాంతము 1978లో ప్రకటితమైనది. 2001లో పీటరు ష్మిట్తెన్నరుగారు బ్రౌనుదొరను గూర్చి సమగ్రమైన యింగ్లీషు గ్రంథమును వెలువరించిరి. కడపయందు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన, ఎఱ్ఱముక్కపల్లెలో బ్రౌనుదొర బంగళా యుండిన తావుననే ఆయన స్మారక గ్రంథాలయమునకు 1987 జనవరి 22వ తేదీన శంకుస్థాపన జరిగినది. తరువాత అది భాషాపరిశోధన కేంద్రమై, 2006లో ఏర్పడిన యోగివేమన విశ్వవిద్యాలయమునకు చేరినది. వేమన పద్యములను వెదకించిన వాని గ్రంథాలయము వేమన పేరిటి విశ్వవిద్యాలయమున నుండుట సముచితము. కడప మండల కైఫీయత్తులును సంపుటములుగా అచ్చట ముద్రితములైనవి. పతకములేని విద్వాంసునకు కడప చేసిన సత్కారమిది, ఇది పత్రములను దాచు సత్కారము.

చేయవలసిన పని ఇంకను కలదు. బ్రౌనుదొర కూటమున పనిచేసిన లేఖకులు పెక్కుమంది. వారి పేర్లు పండితుల పేర్లవలె ప్రసిద్ధములు కాలేదు. చెన్నపురి భాండాగారమున నున్న ప్రతుల గద్యములను వరుసగా వ్రాసికొని, ఊరి పేరును సంవత్సరమును బట్టి పట్టిక వేసినచో, కడప ప్రాంతపు లేఖకులెవరో, ఏ యేటినుండి యే యేటివరకు పనిచేసిరో తేలును. ఇది మహాపాండిత్యమును కోరు పని కాదు. ఓపికను, తిథివారములను గణించు నేర్పును కోరును. పాఠశాలా పండితులకు ఆ రెండును కలవు.

కర్నూలు విషయమున పరిశోధకులు మరియొక సంగతిని గమనింపవలెను. కర్నూలు 1839 వరకు నవాబుల యేలుబడిలో నుండెను. గులాం రసూల్ ఖాను ఆ యేట పదచ్యుతుడైన పిదపనే అది కంపెనీవారి వశమైనది. 1858లో కడపనుండి కోయిలకుంట్ల, కంభము మొదలగు తాలూకాలును, బళ్లారినుండి పత్తికొండయు చేర్చబడి కర్నూలు జిల్లా రూపొందినది. కాబట్టి కోయిలకుంట్ల సీమకు చెందిన 1858కి పూర్వపు కాగితములను కర్నూలు దస్త్రములలో వెదకుట వ్యర్థము, అవి కడప దస్త్రములలో నుండును. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసినపుడు దానిని గూర్చి పై యధికారులకు వ్రాసినది కడప కలెక్టరే. ఆనాటి పండితుల నివాసములు, ఇనాములు, బడులు మొదలగువానిని వెదకువారును ఈ సరిహద్దుల మార్పును ఎరిగి వెదకవలెను. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములనుండి కడప కూటమునకు తాటాకులు వచ్చియున్నచో ఆ జాడ యేదస్త్రమున దొరకునో యీ లెక్కవలన తెలియును.

రాయలసీమయందు కరవు క్రొత్తది కాదు. కరవుకాలమున జనులు మొదట అమ్ముకొనునది లోహము. బంగారము, వెండి, చివరకు రాగి పాత్రలును పోవును. తాటాకు కట్టలను కొనువారుండరు గనుక అవి అటకలపై మిగిలిపోవును. పెక్కు గ్రంథములు ఈ సీమయం దిట్లే నిలిచినవి. అట్టి కట్టలున్న యింటివారు వానిని పుష్కరములందు నదిలో విడుచుటకు ముందు, చివరి యాకును మాత్రమైనను చదివించి, వ్రాసినవాని పేరును, ఊరును, సంవత్సరమును వ్రాసి యుంచవలెను. కడప గ్రంథాలయమునకో, చెన్నపురి భాండాగారమునకో ఒప్పగించినచో మరియు మేలు. బ్రౌనుదొర ప్రయోజకకర్త యని ఎల్లరు నెరుగుదురు. ఆయన ఎవరెవరిచేత వ్రాయించెనో చెప్పగలిగినది ఆ చివరి యాకు మాత్రమే.